అన్నపూర్ణ చుట్టూ అప్రదక్షిణం

నేపాల్‌లో అన్నపూర్ణ పర్వతశ్రేణిని చుట్టి వచ్చే కాలిబాట ఒకటి ఉంది. అన్నపూర్ణ సర్క్యూట్ అని దానికి పేరు. తూర్పున మర్స్యాంగ్దీ నది లోయలో మొదలై, ఉత్తరానికి ఎక్కి, పడమరకు తిరిగి, 5,416 మీటర్ల ఎత్తున తోరంగ్ లా అనే కనుమను దాటి, కాళీగండకీ లోయ వెంట దక్షిణానికి దిగుతుంది. టిబెటన్ భాషలో ‘లా’ అంటే కనుమ. మోటారు రోడ్లు పడక ముందు ఈ చుట్టు 200 కిలోమీటర్లకు పైబడి ఉండేది. నడిచేవారికి రెండున్నర, మూడు వారాలు పట్టేది. కనుమకు ఆవలి వాలులో, వైష్ణవుల 108 దివ్యదేశాలలో ఒకటైన ముక్తినాథ్ క్షేత్రం ఉంది.

కొండలెక్కే అలవాటు లేని పాఠకులు ఈ బాటతో మనకేమి పని అనుకోవచ్చు. పని ఉంది. ఈనాడు తెలుగునాట ఎన్నో ఇళ్ళ నుంచి పెద్దలు ముక్తినాథ్‌కు, కేదారనాథ్‌కు, అమరనాథ్‌కు, మానససరోవరానికి వెళుతున్నారు. పిల్లలు సెలవుల్లో లేహ్‌కు విమానమెక్కుతున్నారు. ఇవన్నీ 3,000 మీటర్లకు పైన ఉన్న చోట్లు. అక్కడికి వెళ్ళేవారిలో చాలామంది గుండె పరీక్ష చేయించుకుంటారు, ఉన్ని దుస్తులు కొంటారు, కాని ఎన్ని రోజులలో ఎంత ఎత్తు ఎక్కుతున్నామని లెక్క చూసుకోరు. వైద్యగ్రంథాలలో నేను చదివిన ఆ లెక్కను అన్నపూర్ణ బాట ఊరూరా నిలబెట్టి చూపించింది. విశాఖపట్నంలో 30 ఏళ్ళకు పైగా వైద్యం చేసి విరమించాక, 2017 అక్టోబరులో, నా 62వ ఏట నలుగురు సహచరులతో కలసి ఆ బాట పట్టాను.

ఎడమచేతి వైపు కొండ

గుడి చుట్టూ తిరిగేటప్పుడు దేవుడు మన కుడిచేతి వైపు ఉండాలి. అది ప్రదక్షిణం. అన్నపూర్ణ చుట్టూ తిరిగేవారిలో అత్యధికులు దీనికి విరుద్ధంగా నడుస్తారు. కొండ ఎడమచేతి వైపున ఉంటుంది. మొదటి రోజునే నా మిత్రుడొకడు ‘ఇదేమిటయ్యా, అప్రదక్షిణం చేస్తున్నామా?’ అన్నాడు.

కారణం శరీరధర్మంలో ఉంది. తూర్పు నుంచి, అంటే మర్స్యాంగ్దీ వైపు నుంచి వెళితే, కనుమ దాకా ఎత్తు మెల్లగా పెరుగుతుంది. దారి పొడవునా కొద్దికొద్ది ఎత్తుల తేడాతో ఊళ్ళున్నాయి. ఏ ఊరిలోనైనా రాత్రి బస దొరుకుతుంది. పడమటి నుంచి ఎక్కాలంటే ముక్తినాథ్ దగ్గర సుమారు 3,800 మీటర్ల నుంచి ఒక్కరోజులో 1,600 మీటర్లు ఎక్కి కనుమ దాటాలి. మధ్యలో చెప్పుకోదగిన ఊరు లేదు. కొండను కుడిచేతి వైపు ఉంచుకోవాలన్న పట్టుదలతో అటు నుంచి ఎక్కేవారు లేకపోలేదు గాని, వారు ముందే ఎత్తుకు అలవాటు పడినవారై ఉండాలి. ఆ బాటలో దిక్కును నిర్ణయించేది శాస్త్రవిధి కాదు, మన రక్తంలోని ప్రాణవాయువు.

ఊళ్ళు, ఎత్తులు

మా నడక 840 మీటర్ల ఎత్తున ఉన్న భుల్‌భులేలో మొదలైంది. అక్కడ వరిపొలాలు, అరటిచెట్లు, ఉక్కపోత. కోనసీమలో ఏదో కాలువగట్టు మీద నడుస్తున్నట్టే ఉంటుంది. ఆ రాత్రి జగత్‌లో బస, 1,300 మీటర్లు. రెండవ రాత్రి ధారాపానీ, 1,860. లోయ ఇరుకై, నది కిందెక్కడో హోరుమంటూ, జలపాతాలు ఎదురు కొండల మీద నుంచి జారుతూ ఉంటాయి. మూడవ రాత్రి మనాంగ్ జిల్లా కేంద్రమైన చామే, 2,670. ఇక్కడికి వరి పోయింది, దేవదారులు, పైన్ చెట్లు వచ్చాయి. సాయంత్రానికి చలి మొదలైంది.

నాలుగవ రోజు పిసాంగ్‌కు వెళ్ళే దారిలో నదికి ఆవల గొప్ప రాతిచరియ ఒకటి కనబడుతుంది. వందల మీటర్ల పొడవున నునుపుగా, గిన్నె లోపలి పక్కలా వంపు తిరిగి ఉంటుంది. స్వర్గద్వారి అని దానికి పేరు. చనిపోయినవారి ఆత్మలు దాని మీదుగా పైకి వెళతాయని అక్కడివారి నమ్మకం. ఆ రాత్రి ఎగువ పిసాంగ్‌లో 3,300 మీటర్ల ఎత్తున పడుకున్నాము. ఎదురుగా అన్నపూర్ణ రెండవ శిఖరం. 3,000 మీటర్లు దాటాము కనుక ఇక లెక్క మొదలు.

పిసాంగ్ నుంచి మనాంగ్‌కు రెండు దారులున్నాయి. ఒకటి నది పక్కన తేలికగా సాగే రోడ్డు. రెండవది ఘ్యారూ, ఙవల్ అనే పాత ఊళ్ళ మీదుగా కొండచరియలో ఎత్తుగా పోయే కాలిబాట. శ్రమ అనిపించినా రెండవదే ఆరోగ్యానికి మేలు. ఙవల్‌లో 3,660 మీటర్ల దగ్గర ఒక రాత్రి పడుకుని, మరునాడు 3,540 మీటర్ల మనాంగ్‌కు దిగుతాము. ఎక్కువ ఎత్తును చూసి వచ్చిన శరీరం మనాంగ్‌లో హాయిగా నిద్రపోతుంది.

మనాంగ్‌లో ఒక రోజంతా ఆగాలి. ఆగడమంటే పడుకోవడం కాదు. ఆ రోజు గంగపూర్ణ హిమానీనదం కింద ఉన్న పచ్చని సరస్సును చూసి, దాని మీది గట్టును మూడు, నాలుగు వందల మీటర్లు ఎక్కి, సాయంత్రానికి తిరిగి మనాంగ్‌కే వచ్చి పడుకున్నాము. పగలు ఎత్తుకు ఎక్కి, రాత్రి తక్కువ ఎత్తులో నిద్రించడం పర్వతారోహకుల పాత సూత్రం. ఆ తరువాతి రాత్రి యాక్ ఖర్కా, 4,050. ఆ పై రాత్రి తోరంగ్ ఫేదీ, 4,450. ‘ఫేదీ’ అంటే కొండ అడుగు. పదవ రోజు తెల్లవారకముందే లేచి కనుమకు ఎక్కాలి. పొద్దెక్కితే కనుమ మీద గాలి విజృంభిస్తుంది.

పాఠకులు ఈ అంకెలను మరొకసారి చూడాలి. 3,000 మీటర్లు దాటిన తరువాత, ఏ రాత్రి పడక ఎత్తూ ముందటి రాత్రి కంటె సుమారు 500 మీటర్లకు మించి పెరగకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగాలని పర్వతవైద్య నిపుణులు చెబుతారు. 3,300, 3,660, 3,540, మళ్ళీ 3,540, 4,050, 4,450. గొర్రెలను, యాక్‌లను తోలుకుంటూ, ఉప్పు మోసుకుంటూ నడిచినవారి ఊళ్ళు ఆ సూత్రానికి సరిపోయే దూరాలలో ఉన్నాయి. ఆ ఊళ్ళలో ఒక్కొక్క రాత్రి ఆగుతూ పోతే చాలు, వైద్యుడు చెప్పవలసినది పెద్దగా మిగలదు.

ఆ రోజులలో శరీరం చేసే పని

ఎత్తైన చోట ప్రాణవాయువు శాతం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. శాతం ఎక్కడైనా ఒకటే, 21కి కాస్త తక్కువ. తగ్గేది గాలి ఒత్తిడి. సముద్రమట్టంలో 760 మిల్లీమీటర్ల పాదరసం ఎత్తుతో సమానమైన ఒత్తిడి తోరంగ్ లా మీద సగానికి కొంచెమే ఎక్కువగా ఉంటుంది. కనుక ఒక్కొక్క ఊపిరితో లోనికి పోయే ప్రాణవాయువు కూడా దాదాపు సగమే.

ఆ కొరతను మెడలోని ధమనుల దగ్గర ఉండే సూక్ష్మ గ్రాహకాలు వెంటనే పసిగట్టి శ్వాసను పెంచుతాయి. శ్వాస పెరిగితే బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటకు పోయి రక్తంలో క్షారగుణం పెరుగుతుంది. క్షారగుణం పెరగగానే మెదడు ‘ఇక చాలు’ అని శ్వాసకు కళ్ళెం వేస్తుంది. ఈ రెండు ఆజ్ఞల పెనుగులాట వల్లనే మొదటి రాత్రులలో నిద్రలో ఊపిరి కొన్ని క్షణాలు ఆగి, మళ్ళీ గట్టిగా అందుకుంటూ ఉంటుంది. పక్కన పడుకున్నవారు భయపడతారు గాని, అది ఆ ఎత్తుకు సహజమే.

పెనుగులాటను తీర్చేవి మూత్రపిండాలు. అవి బైకార్బనేటును మూత్రంతో వెళ్ళగొట్టి రక్తాన్ని సమస్థితికి తెస్తాయి. అప్పుడు శ్వాస స్వేచ్ఛగా పెరగగలుగుతుంది. కాని ఈ పనికి గంటలు చాలవు, రోజులు కావాలి. ఎర్రరక్తకణాలు పెరగడానికి వారాలే పడతాయి. మనాంగ్‌లో ఆగిన రోజున మనము సరస్సును చూస్తూ తిరుగుతుంటే లోపల మూత్రపిండాలు పని చేస్తూ ఉంటాయి.  వ్యాయామం, యోగాభ్యాసం, మనోబలం ఏవీ వాటి వేగాన్ని మార్చలేవు.

తొందరపడితే ఏమౌతుందో మన దేశంలోని వైద్యులకు చేదుగానే తెలిసింది. 1962 యుద్ధకాలంలో మైదానాల నుంచి సైనికులను కొద్ది సమయంలోనే హిమాలయాల ఎత్తులకు తరలించవలసి వచ్చింది. దాదాపు 2 వేల మంది సైనికులలో చూసిన పర్వత అస్వస్థతను ఇందర్ సింగ్, ఆయన సహవైద్యులు 1969లో ప్రచురించారు. ఈ శాస్త్రంలో అది ఇప్పటికీ చెప్పుకునే పరిశోధన. ఆ తరువాత, 1976లో ప్రచురితమైన పరిశోధనలో, ఎవరెస్టు మార్గంలోని ఫెరిచే అనే ఊరిలో, 4,243 మీటర్ల ఎత్తున, 278 మంది నడకయాత్రికులను పరిశీలించగా 53 శాతం మందికి పర్వత అస్వస్థత కనబడింది. విమానంలో 2,800 మీటర్లకు చేరి అక్కడి నుంచి నడిచినవారిలో అది ఎక్కువ. త్వరగా ఎక్కినవారిలో ఎక్కువ. వయసు మళ్ళినవారి కంటె యువకులలో ఎక్కువ. ఈ చివరి మాట విని మా బృందంలోని వృద్ధులము నవ్వుకున్నాము గాని, ఆ నవ్వు ఎంతో సేపు నిలవలేదు.

తోరంగ్ ఫేదీలో ఒక రాత్రి

మాలో అందరికంటె చిన్నవాడు నా మిత్రుని మేనల్లుడు. 34 ఏళ్ళవాడు, హైదరాబాదులో ఉద్యోగం, మారథాన్ పరుగులలో పాల్గొంటాడు. యాక్ ఖర్కా దాకా అతనికి ఏ బాధా లేదు. ఫేదీకి మా అందరికంటె రెండు గంటల ముందే చేరాడు. సాయంత్రానికి తలనొప్పి వచ్చింది. పప్పన్నం ముందు పెట్టుకుని కూర్చున్నాడు గాని నోట పెట్టలేదు. 8 గంటలకు రెండుసార్లు వాంతి అయింది. 9 గంటలకు అతన్ని లేపి, నేల మీద పలకల గీత వెంట మడమకు బొటనవేలు తాకించుకుంటూ నడవమన్నాను. నాలుగవ అడుగులో తూలి గోడ పట్టుకున్నాడు.

మద్యం తాగినవాడిలా తూలడమన్నది మెదడులో వాపు మొదలైందనడానికి గుర్తు. తలనొప్పి, వాంతి దాకా ఆగితే విశ్రాంతితో తగ్గవచ్చు. నడక చెడితే మాత్రం ఉదయం దాకా ఆగరాదు.

‘‘అంకుల్, కాసేపు పడుకుంటే తగ్గిపోతుందండీ. పొద్దున్నే కనుమ దాటేస్తే అటు పక్క దిగడమే కదా’’ అన్నాడు.

‘‘దిగడానికి ముందు ఇంకా దాదాపు వెయ్యి మీటర్లు ఎక్కాలి నాయనా’’ అన్నాను.

అతను మాట్లాడలేదు. ఏడాది నుంచి కనుమ మీద ఫోటో తీయించుకోవాలని ఎదురుచూసినవాడు. నాకూ ఆ కనుమ దాటాలనే ఉంది. 62వ ఏట వచ్చినవాడికి మళ్ళీ వస్తానన్న నమ్మకం ఉండదు. కాని ఆ క్షణంలో నిర్ణయించవలసినదేమీ లేదు. అతని నడకే నిర్ణయించింది. డెక్సామెథసోన్ మొదటి మోతాదు ఇచ్చి, తలదీపాలు కట్టుకుని బయలుదేరాము. గుర్రం దొరికింది గాని, ఫేదీకి ఇవతల కొండచరియలు జారే చోట చీకటిలో గుర్రం మీద కూర్చోబెట్టడం మంచిది కాదని మా గైడు వారించాడు. అతనూ, సామాను మోసే మనిషీ చెరొక రెక్కా పట్టుకుని నడిపించారు. వెనుక నేను, నా వెనుక ఆ పిల్లవాడి మేనమామ. పగలు ఒక గంటన్నర పట్టే దారికి మూడు గంటలు పట్టింది.

లెత్దర్ దాటి యాక్ ఖర్కా చేరేసరికి 400 మీటర్లు దిగాము. అర్ధరాత్రి దాటాక అక్కడి లాడ్జిలో మళ్ళీ గీత వెంట నడిపించాను. ఏడు అడుగులు తిన్నగా వేశాడు. తెల్లవారి మనాంగ్‌కు దిగి అక్కడి వైద్యకేంద్రంలో చూపించాము. 1973లో ఏర్పడిన హిమాలయన్ రెస్క్యూ అసోసియేషన్ మనాంగ్‌లోనూ, ఫెరిచేలోనూ యాత్రల కాలంలో వైద్యకేంద్రాలు నడుపుతుంది. స్వచ్ఛందంగా వచ్చిన వైద్యులు అక్కడ ఉంటారు. మధ్యాహ్నం వేళ యాత్రికులను కూర్చోబెట్టి ఎత్తు వల్ల వచ్చే జబ్బుల గురించి చెబుతారు. ఎక్కేటప్పుడు మేమందరమూ విన్న ప్రసంగమే అది. రెండు రోజులలో కుర్రవాడు పూర్తిగా కోలుకున్నాడు. మళ్ళీ ఎక్కవచ్చునా అని అడిగాడు. మెదడు వాపు వచ్చినవారు ఆ ప్రయాణంలో మళ్ళీ ఎక్కరాదని అక్కడి వైద్యురాలు చెప్పింది. ముగ్గురమూ జీపులో బేసీసహర్‌కు దిగిపోయాము. మిగిలిన ఇద్దరూ మరొక గైడుతో కనుమ దాటారు.

అందుచేత తోరంగ్ లా ఎలా ఉంటుందో నేను చెప్పలేను. దాని కింద పరుగుపందెగాడు తూలడం చూశాను. దేహదారుఢ్యం ఎత్తుకు కవచం కాదని చెప్పడానికి అది చాలు. పైగా బలమైనవాడు వేగంగా ఎక్కుతాడు. అతనికే ప్రమాదం ముందుగా రావచ్చు.

విశాఖ తుపాను, తోరంగ్ మంచు

ఆ కనుమకూ మా ఊరికీ ఒక విషాద సంబంధం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. చెట్లు కూలి, కరెంటు పోయి, రోజుల తరబడి నగరం చీకటిలో ఉంది. ఆసుపత్రిలో జనరేటరుకు డీజిలు వెతుక్కుంటున్న మాకు లోకంలో మరేమి జరుగుతున్నదో తెలియలేదు. తీరం దాటి బలహీనపడిన ఆ వాయుగుండం ఉత్తరానికి పోయి హిమాలయాలను తాకింది. అక్టోబరు 14న తోరంగ్ లా మీద, చుట్టుపక్కల కొండలలో, నడకయాత్రలకు అన్నిటికంటె మంచిదనుకునే ఆ మాసంలో, విపరీతంగా మంచు కురిసింది. దారి కనబడక, చలికి, హిమపాతాలకు 40 మందికి పైగా మరణించారు. యాత్రికులతో పాటు వారి బరువులు మోసే, దారి చూపే నేపాలీలూ వారిలో ఉన్నారు.

విశాఖలో చెట్లు కూల్చిన గాలి రెండు రోజులలో అక్కడికి చేరింది. మైదానంలో వానగా పడేది కొండ మీద మంచుగా పడుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం ఉన్నదని వింటే హిమాలయాలలో నడిచేవారు ఒకటి రెండు రోజులు ఉన్నచోట ఆగిపోవాలి. వాతావరణానికైనా, శరీరానికైనా ప్రయాణ ప్రణాళికలో రెండు ఖాళీ రోజులు లేకపోతే మనిషి ఆగలేడు. తిరుగు టికెట్టు తేదీ అతన్ని పైకి నెడుతుంది.

ముక్తినాథ్‌కు దగ్గరదారి

2019 ఏప్రిల్‌లో అక్కయ్య, బావగారు ముక్తినాథ్ చూడాలంటే పడమటి వైపు నుంచి వారితో వెళ్ళాను. అక్కయ్యకు 71 ఏళ్ళు, రక్తపుపోటు ఉంది. బావగారికి 76, గుండె ధమనిలో స్టెంటు వేసి నాలుగేళ్ళు.

పోఖరా ఎత్తు 820 మీటర్లు. ఉదయం చిన్న విమానమెక్కితే అరగంటలోపు 2,720 మీటర్ల జోమ్‌సోమ్‌లో దిగుతాము. ఒక పక్క అన్నపూర్ణ, 8,091 మీటర్లు. మరొక పక్క ధవళగిరి, 8,167. నడుమ కాళీగండకీ. మధ్యాహ్నానికి ఆ లోయలో గాలి ఇసుకను ఎగరగొట్టేంత బలంగా వీస్తుంది. అందుకే విమానాలు ఉదయమే. జోమ్‌సోమ్ నుంచి జీపులో రెండు గంటలలోపే ముక్తినాథ్ కింది ఊరైన రాణీపౌవా చేరవచ్చు. అది 3,700 మీటర్లు. అంటే తెల్లవారి పోఖరాలో కాఫీ తాగిన వృద్ధుడు మధ్యాహ్నానికి దాదాపు 2,900 మీటర్లు ఎక్కి ఉంటాడు. మేము తూర్పు వైపున ఐదు రోజులు నడిచి చేరిన ఎత్తు దాదాపు అంతే.

జోమ్‌సోమ్‌లో దిగగానే బావగారు ‘‘ఏమోయ్ డాక్టరూ, జీపులు సిద్ధంగా ఉన్నాయి కదా, ఈ పూటే దర్శనం చేసేసుకుందామా?’’ అన్నారు. నేను ఒప్పుకోలేదు. పక్కనున్న మార్ఫా గ్రామంలో, ఆపిల్ తోటల మధ్య, రెండు రాత్రులు ఉన్నాము. మూడవ రోజు ఉదయం పైకి వెళ్ళి, దర్శనం చేసుకుని, సాయంత్రానికి మళ్ళీ కిందికి వచ్చాము. ఇద్దరికీ తలనొప్పి కూడా రాలేదు.

రాణీపౌవాలో మన తెలుగువారి బృందం ఒకటి కనబడింది. ముందటి రోజున పోఖరా నుంచి ఏకబిగిన బస్సులో వచ్చి, ఆ ఎత్తులోనే రాత్రి పడుకున్నారు. సగంమంది తలలకు గుడ్డలు బిగించి కట్టుకున్నారు. ఒక పెద్దావిడ ‘‘వేళకు తిండి లేక పైత్యం చేసిందండీ’’ అంది. మరొకాయన గ్యాస్ మాత్రలు పంచుతున్నాడు. ఎవరికీ అది ఎత్తు వల్ల వచ్చిన తలనొప్పి అని తోచలేదు. ఇద్దరిని పరీక్షించాను. నడక బాగుంది, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. ఇంకొక రాత్రి ఇక్కడ ఉండవద్దు, ఈ పూటే దిగండి అని చెప్పాను. వారి ప్రణాళికలో ఆ సాయంత్రమే దిగడం ఉంది కనుక సమస్య తీరింది. రెండు రాత్రుల బస రాసి ఉంటే ఏమయ్యేదో చెప్పలేము.

ముక్తినాథ్ ఆలయం వెనుక 108 ధారలున్నాయి. వాటి కింద వరుసగా తడుస్తూ పరుగెత్తి, ముందున్న కుండాలలో మునగడం ఆచారం. అది మంచు కరిగిన నీరు. అంతటి చలి ఒక్కసారిగా ఒంటిని తాకితే చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుని రక్తపుపోటు చటుక్కున పెరుగుతుంది. ప్రాణవాయువు తక్కువగా ఉన్నచోట గుండెకు అది రెండవ భారం. ఉపవాసంతో ఉంటే మూడవది. బావగారు పంచె కట్టుకుని సిద్ధమయ్యారు. ‘‘ఇంత దూరం వచ్చి నీళ్ళు చల్లుకుని పోవడమేమిటోయ్?’’ అని నన్ను కసిరారు. అక్కయ్య ఒక ధార దగ్గర చెయ్యి పట్టి ఆయన నెత్తిన చల్లి, ‘‘ప్రోక్షణ చేసుకుంటే స్నానఫలం దక్కదుటండీ? రండి’’ అని ముందుకు నడిచింది. నా వైద్యోపదేశం కంటె ఆ మాట బాగా పనిచేసింది.

ఈమధ్య తూర్పున మనాంగ్ దాకా జీపు రోడ్డు పడింది. పడమట ముక్తినాథ్ దాకా బస్సులే వెళుతున్నాయి. ఆ రోడ్లు అక్కడివారికి ఎంతో అవసరం. గర్భిణులు, రోగులు గంటలలో ఆసుపత్రి చేరుతున్నారు. మా కుర్రవాడూ ఆ రోడ్డు మీదనే దిగాడు. కిందికి దిగడానికి రోడ్డు వరం. పైకి ఎక్కడానికి మాత్రం, ఊళ్ళు మనకు పెట్టిన మజిలీలను అది చెరిపివేస్తుంది. వాటిని మనమే తిరిగి పెట్టుకోవాలి.

గుర్తించవలసిన లక్షణాలు

ఎత్తుకు వెళ్ళిన మొదటి రోజులలో తలనొప్పితో పాటు వికారం, నీరసం, తల తిరుగుడులలో ఏదైనా ఉంటే, వేరే కారణం రుజువయ్యే దాకా అది పర్వత అస్వస్థత అనే భావించాలి. పైత్యమనీ, గ్యాస్ అనీ అనుకోరాదు. అటువంటప్పుడు ఉన్నచోటే ఆగాలి. తగ్గితే ముందుకు, ఒక రోజులో తగ్గకపోతే లేక హెచ్చితే కిందికి.

నడక తూలినా, మాట తడబడినా, మనిషి మందకొడిగా, తికమకగా ఉన్నా అది మెదడు వాపు. విశ్రాంతిగా కూర్చున్నప్పుడు కూడా ఆయాసం, పొడిదగ్గు, పెదవులు నీలంగా మారడం, నురుగు కఫం కనబడితే ఊపిరితిత్తులలో నీరు చేరుతున్నదని అర్థం. ఈ రెండూ గంటలలో ప్రాణం తీయగలవు. వీటికి మొదటి చికిత్స కిందికి దిగడం. 300 నుంచి 1,000 మీటర్లు దిగితే చాలామందిలో గుణం కనబడుతుంది. ప్రాణవాయువు, మెదడు వాపుకు డెక్సామెథసోన్, ఊపిరితిత్తుల నీటికి నిఫెడిపిన్ తోడ్పడతాయి. అవి దిగడానికి సాయపడేవే గాని, దిగకుండా ఉండడానికి అనుమతి పత్రాలు కావు. జబ్బుపడినవారిని ఒంటరిగా ఎన్నడూ పంపరాదు.

బయలుదేరే ముందు

అసిటజోలమైడ్ అనే ఔషధం మూత్రపిండాల చేత బైకార్బనేటును త్వరగా విసర్జింపజేస్తుంది. నెమ్మదిగా ఎక్కే వీలు లేనివారికి సామాన్యంగా 125 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందు రోజు నుంచి ఇస్తారు. సల్ఫా మందులు పడనివారు, మూత్రపిండాల వ్యాధి ఉన్నవారు తమ వైద్యుని అడగకుండా దానిని ముట్టుకోరాదు. నిద్రమాత్రలు, మద్యం శ్వాసను మందగింపజేస్తాయి కనుక మొదటి రాత్రులలో పూర్తిగా మానాలి.

ఇటీవల గుండెపోటు వచ్చినవారు, అదుపులో లేని రక్తపుపోటు ఉన్నవారు, తీవ్రమైన ఊపిరితిత్తుల వ్యాధి ఉన్నవారు, గర్భిణులు ముందుగా వైద్యులను సంప్రదించాలి. మన గిరిజన ప్రాంతాలలో కనబడే కొడవలి కణాల లక్షణం ఉన్నవారికి, కింద ఏ బాధా లేకపోయినా, ఎత్తైన చోట ప్లీహానికి రక్తప్రసరణ ఆగి తీవ్రమైన కడుపునొప్పి రావచ్చు. వారు ముందే ఆ సంగతి చెప్పుకోవాలి.

ఇక చివరి పని ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. యాత్రల సంస్థ ఇచ్చిన ప్రణాళిక కాగితం తీసుకుని, ప్రతి రాత్రి బస ఎదుట ఆ ఊరి ఎత్తును పెన్సిలుతో రాయండి. 3,000 మీటర్లు దాటాక ఒక రాత్రికీ మరొక రాత్రికీ మధ్య తేడా 500 కంటె ఎంతో ఎక్కువగా ఉన్నదా, ఎక్కడైనా ఒక రోజు ఆగుతున్నారా, తిరుగు ప్రయాణానికి రెండు రోజులు ఎడమున్నదా చూడండి. లేకపోతే సంస్థవారిని అడిగి మార్పించండి. మీ అమ్మగారో, నాన్నగారో వెళుతుంటే ఆ లెక్క మీరే చూసి పంపండి.